అరక్షణం ముందు

బంతి విసిరే పని నాది. చెంచురామ్ చేతికి తీగలున్న తొడుగు వేసుకుని ఎదురుగా బల్ల మీద కూర్చుంటాడు. నేను చెయ్యి వెనక్కి లాగి, ఒకసారి ఊపిరి పీల్చి, విసురుతాను. బంతి అరచేతికి తగలడం ముందో, వేళ్లు ముడుచుకోవడం ముందో తెర మీద గీత చెబుతుంది. వేళ్లే ముందైతే ప్రమాదం. బంతి ముందైతే మనిషి మామూలుగా ఉన్నట్టు.

ఆ ఉదయం కూడా బంతే ముందు.

“మామూలే,” అన్నారు డాక్టర్ తాయారు, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ. “చెవి వెనక రేకు తీశాక తేడా ఏమీ మిగలడం లేదు. ఆఖరి రేసుకి అడ్డం లేదు, చెంచూ.”

“మా బామ్మర్దిలో ఏమీ మిగల్లేదని నేనెప్పుడో చెప్పాను,” అన్నాను.

“చెప్తావు బావా, ఎందుకు చెప్పవు?” అన్నాడు చెంచురామ్ తొడుగు విప్పుకుంటూ. “మా అక్కని చేసుకున్నావు, నేను ఊరికే కలిసొచ్చా. ఊరికే వచ్చిన సరుక్కి విలువేం ఉంటది?”

అతను నవ్వాడు గానీ కళ్ల కింద నల్లటి చారలు నవ్వలేదు. ముప్పై ఆరేళ్లు. గుట్టల మీద బండి ఎగరేసే మోటోక్రాస్‌లో ఆ వయసువాళ్లు పిల్లలకు శిక్షణ ఇస్తుంటారు, లేదా టైర్ల కొట్టు పెట్టుకుని ఉంటారు.

నేను ఒంగోలులో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. నా భార్య రత్నం పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, తాయారుగారు పిలిస్తే ఈ ల్యాబ్‌లో చేరాను. రత్నం తమ్ముడే చెంచురామ్. మా పెళ్లినాటికి వాడు చీమకుర్తి క్వారీల్లో పనికిరాని గ్రానైట్ రద్దు గుట్టల మీద, మేస్త్రీ బండి అడిగి తీసుకుని, పల్టీలు కొట్టే కుర్రాడు. రాయి పగలగొట్టే చోట నేల ఎప్పుడూ ఒకలా ఉండదు. నిన్నటి గుట్ట ఇవాళ గొయ్యి. అలాంటి నేల మీద నేర్చుకున్నవాడికి కట్టిన ట్రాక్ ఏమాత్రం? పుణెలో గెలిచాడు, కోయంబత్తూరులో గెలిచాడు, ఒక కంపెనీ జట్టులో చేర్చుకుంది. రెండు భుజాల ఎముకలూ విరిగాయి. ఎడమ మణికట్టులో ఇనప పలక ఉంది. వర్షం ముందు రోజు అది నొప్పెడుతుంది కాబట్టి మా ఇంట్లో వాతావరణ వార్తలు ఎవరూ చూసేవారు కాదు.

తర్వాత అందరికీ వచ్చేదే వచ్చింది. కన్ను చూస్తుంది, ఒళ్లు ఆలస్యంగా వింటుంది. గాల్లోంచి దిగేటప్పుడు నేల ఎప్పుడు తగులుతుందో వెన్నెముకకి ముందే తెలియాలి. కుర్రతనంలో తెలుస్తుంది. ఆ తర్వాత తెలిసేసరికి నేల తగిలే ఉంటుంది.

రేకు అందుకోసం పుట్టింది.

ఆ మధ్యాహ్నం ప్రాక్టీసుకి వెళ్లాం. క్వారీ వాళ్లు వదిలేసిన పెద్ద గోతిలోనే ట్రాక్ కట్టారు. మెకానిక్ బాజీ సీటు కాలకుండా తడి గోనెసంచి పరిచి ఉంచాడు, ఎవరూ చెప్పకుండానే. తాయారుగారు పెట్టెలోంచి రేకు తీశారు. తమలపాకు ఈనె అంత సన్నం. దాని వెనక జిగురు చల్లగా తగిలితే చెంచురామ్ ఉలిక్కిపడతాడని, ఆవిడ దాన్ని రెండు అరచేతుల మధ్యా కాసేపు వెచ్చబెట్టి, అప్పుడు అతని చెవి వెనక అతికిస్తారు. మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ వెచ్చబెట్టడం మర్చిపోలేదు.

బండి లేచింది. బండికీ హెల్మెట్‌కీ ఉన్న కళ్లు నేలనీ వేగాన్నీ చూసి, అరక్షణం తర్వాత ఏం జరగబోతోందో లెక్కకట్టి రేకుకి పంపుతాయి. రేకు ఆ కబురును ఒంటి తూకం చూసే నరానికి అందిస్తుంది. పెద్ద జంపు మీద చెంచురామ్ ఇంకా గాల్లో ఉండగానే మోకాళ్లు వంగాయి. నేల ఇంకా రాలేదు, కానీ అతని ఒంటికి తగిలేసింది. చక్రాలు దిగినప్పుడు దుమ్ము కూడా పెద్దగా లేవలేదు.

“దిగాడా, కూర్చున్నాడా?” అన్నాడు బాజీ. “మా అత్త పీట మీద కూర్చున్నప్పుడు ఇంతకంటే చప్పుడొస్తది సార్.”

ఇప్పుడు పెద్ద రైడర్లందరికీ రేకులున్నాయి. నియమాలు కూడా ఒప్పుకున్నాయి. అందరికంటే ముందు పెట్టుకున్న కోయంబత్తూరు రైడర్ ఒకతను మాత్రం రేకు తీసినా అరక్షణం ముందే ఉండిపోయాడు. మాటలు ఎవరితోనూ కలవవు. తలుపు తీయకముందే గడప దాటబోతాడు. అతనిలా కాకూడదనే బంతి పరీక్ష పెట్టాం. ప్రతి వారం, రేకు తీసి, నేను విసురుతాను.

ప్రాక్టీసు అయ్యాక రేకు తీసి పెట్టెలో పెట్టి, భోజనానికి చెంచురామ్ ఇంటికి వెళ్లాం.

అతని కూతురు కుందనకి ఏడేళ్లు. దానికి మాట మొదట్లోనే పట్టేస్తుంది. మొదటి అక్షరం దగ్గర నిలబడిపోయి, మెడ నరాలు బిగిసి, ఎప్పటికో మాట బయటికొస్తుంది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది, రత్నం పెట్టింది. కుందన మాట మొదలుపెడితే కంచంలో చెయ్యి కంచంలోనే ఆగాలి. మాట అందించకూడదు, తలూపి తొందరపెట్టకూడదు. పులుసు చల్లారనీ, పెరుగు పులవనీ, అది ముగించేదాకా కదలకూడదు. ఆ పద్ధతిని అందరికంటే బాగా పాటించినవాడు చెంచురామే. గాల్లో ఎగిరే మనిషి కూతురి ముందు రాయిలా కూర్చునేవాడు. రత్నానికి జబ్బు చేసి మాట మందగించిన ఆఖరి నెలల్లో నాకు కూడా ఆ పద్ధతే పనికొచ్చింది.

ఆ రోజు చెంచురామ్ భార్య హైమ చేపల పులుసు వడ్డిస్తోంది. కుందన మంచినీళ్ల చెంబు పట్టుకొచ్చి తండ్రి పక్కన నిలబడి ఊపిరి తీసుకుంది. నా చెయ్యి ఆగింది. హైమ గరిటె ఆగింది.

“వస్తాలేమ్మా, శుక్రవారమేగా, మీ బడికొచ్చి నీ డాన్సు చూడకపోతే ఎట్టా?” అన్నాడు చెంచురామ్, ముద్ద కలుపుతూ.

కుందన నోరు ఇంకా తెరవలేదు. తండ్రి వంక ఒకసారి చూసి, చెంబు కింద పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

“అదేంది, అట్టా పోయింది? వస్తానన్నాగా?”

“అదేం అడగలా,” అంది హైమ.

“అడక్కపోవడమేంది? విన్నా నేను.”

“అది నోరే తెరవలేదయ్యా.”

చెంచురామ్ నవ్వి నావైపు తిరిగాడు. “చూడు బావా దీని యవ్వారం. నువ్వు విన్లా?”

“తెరవలేదురా,” అన్నాను.

అతని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. హైమ గరిటెని గిన్నెలో పెట్టేసి గోడకి చేరబడింది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఎప్పుడో అయిపోయినట్టుంది.

“పిల్ల నీతో మాట్టాడి ఎన్నాళ్లయిందో తెలుసా నీకు? తెలీదు. నీకు రోజూ మాట్టాడతన్నట్టే ఉంటది. ఏదో అడిగిందంటావు, బదులు చెప్తావు, నవ్వుతావు. అది నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని వెనక్కొస్తది. బాజీతో మాట్టాడద్ది. వీధిలో కుక్కతో మాట్టాడద్ది. నీ దగ్గరకొచ్చి నిలబడి, ఇదిగో, ఇట్టా తిరిగొచ్చేస్తది.”

“రేకు పెట్టెలో ఉంది హైమా,” అన్నాడు చెంచురామ్ నెమ్మదిగా. “పొద్దున పరీక్ష కూడా బాగానే వచ్చింది.”

“మీ పరీక్ష మీది. నేనేమన్నా చదువుకున్నదాన్నా?” అని నావైపు చూసింది. “నువ్వు చెప్పు అన్నయ్యా.”

చెయ్యి కడుక్కుని ఇంటికి బయలుదేరాను. దారంతా ఆమెకి చెప్పాల్సిన జవాబు వెతుక్కుంటూ వచ్చాను. బస్టాండు దగ్గర సపోటాలు తూచే మనిషి తూకం అయ్యాక ఇంకొక పండు పైన వేసింది. సంచి పట్టుకుని నిలబడితే అప్పుడు తట్టింది. ఆ పండు పడుతుందని నేను అనుకోలేదు. చెంచురామ్‌తో నేను చేసే పరీక్షలో అనుకోనిది ఏముంది? అదే గది, అదే బల్ల, అదే బంతి. చెయ్యి వెనక్కి లాగడం, ఒక ఊపిరి, విసురు. కాలేజీలో ప్రయోగం నేర్పినవాణ్ణి కదా, ప్రతిసారీ ఒకేలా విసరడం నా గొప్ప. మూడేళ్లుగా నా విసురు అతనికి కంఠస్థం. అతను బంతిని చూడటం లేదు, నా అలవాటును చూసి, బంతి తగిలే వేళకి సరిగ్గా వేళ్లు ముడుస్తున్నాడు. ఊహా నిజమూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా అతుక్కుంటే మధ్యలో సందు యంత్రానికి మాత్రం ఎలా దొరుకుతుంది?

మర్నాడు కుందనని ల్యాబ్‌కి తీసుకెళ్లాను. హైమ కూడా వచ్చింది. చెంచురామ్ అప్పటికే తొడుగు వేసుకుని బల్ల మీద కూర్చున్నాడు. తాయారుగారు పిల్లని స్టూలు ఎక్కించి, బంతి చేతికిచ్చి, “నీకెప్పుడు విసరాలనిపిస్తే అప్పుడు విసురు తల్లీ,” అన్నారు.

కుందన బంతిని రెండు చేతులా పట్టుకుంది. విసరబోయి ఆగింది. అమ్మ వంక చూసింది. మళ్లీ చెయ్యి ఎత్తింది.

చెంచురామ్ వేళ్లు ముడుచుకున్నాయి. తెర మీద గీత ఒక్కటే పడింది. బంతి గీత లేదు.

“పట్టుకున్నా,” అన్నాడు.

బంతి కుందన చేతుల్లో ఉంది.

చెంచురామ్ మా ముఖాలు చూశాడు, పిల్ల చేతులు చూశాడు, తర్వాత తన పిడికిలి మెల్లగా విప్పాడు. ఖాళీ అరచేతిని రెండో చేతి బొటనవేలితో రుద్దుకున్నాడు.

“గరుగ్గా తగిలింది బావా,” అన్నాడు. “రబ్బరు. నిజంగా తగిలింది.”

ఇంకోసారి చూద్దామన్నాడు. ఇంకోసారి కూడా అంతే. మూడోసారి కుందన నిజంగానే విసిరింది. అప్పటికి ముడుచుకున్న పిడికిలికి తగిలి బంతి బల్ల కిందికి దొర్లిపోయింది. కుందన స్టూలు దిగి, పాకుతూ వెళ్లి, బంతి తెచ్చి తండ్రి ఒళ్లో పెట్టింది.

పిల్లనీ హైమనీ బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టి వచ్చాక తాయారుగారు చెప్పారు. ఆవిడ ఎప్పుడూ మాట దాచే మనిషి కాదు.

“మన పరీక్ష ఎలా ఉంటుందో మనమే అతనికి నేర్పేశాం, మాస్టారూ. తప్పు అందరిదీ. చెంచూ, విను. రేకు ఎప్పుడూ నీకు జరగబోయేది ముందే చెప్పింది. ఇప్పుడు అది లేకపోయినా నీ మెదడు అదే పని చేస్తోంది. లోపల తయారైనదాన్నే చూస్తోంది, వింటోంది. బయట నుంచి వచ్చేది ఆ తర్వాత వస్తుంది, అప్పటికి నీకు దానితో పని ఉండదు.”

“తగ్గుద్దా?”

“ఇప్పుడు ఆపేస్తే తగ్గొచ్చు. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. పూర్తిగా తగ్గుతుందని మాటివ్వలేను. రేసంటే ప్రాక్టీసు కాదు, అంత వేగంలో రేకు లోతుగా పని చేస్తుంది. కోయంబత్తూరు అతను ఆఖరి రేసు దాకా బాగానే ఉన్నాడనుకున్నాం.”

ఆఖరి రేసు ఆదివారం. ఈ సీజన్‌లో అందరికంటే ముందున్నది చెంచురామే. సొంత ఊరి ట్రాకు. గెలిస్తే జట్టు ఇంకో రెండేళ్లు ఉంచుకుంటుంది.

అతను చాలాసేపు బంతిని నలుపుతూ కూర్చున్నాడు. “అలిసిపోయాను బావా,” అన్నాడు చివరికి. “ఎప్పుడూ ముందే ఉండి ఉండి. కుర్చీలో కూర్చుంటే కూర్చున్నట్టుండదు. అన్నం నోట్లో పెట్టుకోకముందే రుచి వచ్చి పోద్ది, తర్వాత ఒట్టి నమలడమే. ఎవరితోనన్నా చెప్తే నవ్వుతారని చెప్పలా.”

“అయితే మానెయ్యి. ఆదివారం పోవద్దు.”

“మానేస్తే మళ్లీ పెట్టుకుంటా. నన్ను నేనెరుగుదును. వచ్చే ఏడు జట్టువాడు ఫోన్ చేస్తాడు, ‘నువ్వు ఓడిపోలేదు కదా చెంచూ, ఒంట్లో బాలేక ఆగావు’ అంటాడు. ఎగేసుకుంటా పోతా.” బంతి బల్ల మీద పెట్టాడు. “రేకు లేకుండా తోలతా. అందరూ చూస్తుండగా ఓడిపోతే ఇంక ఎవడూ పిలవడు.”

తాయారుగారు లేచి నిలబడ్డారు. “నేల ఎప్పుడు తగులుతుందో మూడేళ్లుగా నీ అంతట నువ్వు తెలుసుకోలేదు. ఆ జంపుల మీద మెడ విరుగుతుంది.”

“జంపు చేస్తేగా మేడమ్? చక్రం నేల మీద నుంచి లేపను. గుట్ట ఎక్కి గుట్ట దిగుతా. మా మేస్త్రీ బండి మొదటిరోజు అట్టానే తోలా.”

ఆదివారం ఎండ చిటపటలాడింది. క్వారీ గోతి అంచుల మీద జనం రాళ్లెక్కి కూర్చున్నారు. చీమకుర్తి కార్మికులు చాలామంది అతన్ని చిన్నప్పటి పేరుతో అరుస్తున్నారు. తాయారుగారు పెట్టె తీసుకురాలేదు. బాజీకి విషయం చెప్పాం. అతను ఏమీ అడగలేదు. బండి ముందు స్ప్రింగులు మెత్తగా సడలించాడు, గుట్టల మీద దొర్లించేవాడికి అనువుగా. తర్వాత చెంచురామ్ హెల్మెట్ పట్టీ తానే బిగించాడు, చిన్నపిల్లాడికి చొక్కా గుండీ పెట్టినట్టు.

“గెలిచినప్పుడు వందసార్లు బిగించా,” అన్నాడు బాజీ. “ఓడిపోయేవాడికి బిగించడం ఇదే మొదలు. వదులైతే చెప్పు అన్నా.”

“నోరు వదులైంది నీకు, అది బిగించుకో ముందు.”

మోకాలెత్తు ఇనప గేటు వెనక బళ్లన్నీ వరసగా నిలబడ్డాయి. గేటు ఎప్పుడు పడుతుందో ఎవరికీ చెప్పరు. రేకున్నవాళ్లు దాన్ని పడేసే మనిషి మోచెయ్యి కదలికను బట్టి ముందే పసిగడతారు. చెంచురామ్ బండి ఒకసారి ముందుకి కదిలి ఆగింది. అతనికి గేటు పడిపోయినట్టు తెలిసింది, కానీ కళ్లెదుట ఇనుము నిలబడే ఉంది. పాదంతో నేలని తన్నిపట్టి ఆగాడు. అప్పుడు గేటు పడింది. అందరూ దూసుకుపోయారు. అతను అందరూ వెళ్లాక, దుమ్ము మీదికొచ్చాక, కదిలాడు.

ఆ రేసు గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. మొదటి జంపు మీద ఇతరులు నింగిలోకి లేస్తే అతను గుట్ట ఎక్కి, శిఖరం మీద కాస్త ఆగి, దిగాడు. రెండో చుట్టుకే ముందున్నవాళ్లు చుట్టొచ్చి అతన్ని దాటి పోయారు. జనం మొదట బండి చెడిపోయిందనుకున్నారు. తర్వాత ఈలలు వేశారు. తర్వాత తిట్టారు. ‘అమ్ముడుపోయాడ్రా’ అని ఒకడు అరిచాడు. నా పక్కన రాతి మీద కూర్చున్న ముసలావిడ మాత్రం, ఎవరి తల్లో, “పోనీలే, పడకుండా పోతన్నాడు బిడ్డ,” అంది. నేను ఆవిడకి దణ్ణం పెట్టబోయి మానేశాను.

రెండుచోట్ల అతని మోకాళ్లు ముందే వంగిపోయి బండి ఒరిగింది. ఒకసారి చెయ్యి నేలకి ఆనింది, ఇనప పలక ఉన్న చెయ్యి. లేచాడు. ముగింపు జెండా ఊపే మనిషి ఆ జెండాని చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లబోతూ, అతను వస్తుంటే మళ్లీ విప్పి ఊపాడు.

అతను బండి బాజీ దగ్గర ఆపి, దిగి, అక్కడే చతికిలబడ్డాడు. హెల్మెట్ తీస్తే ముఖమంతా తెల్లటి రాతిదుమ్ము. హైమ చెంబుతో నీళ్లందించింది. అతను ఆ నీళ్లు ఒక గుక్క తాగి, ఏదో కొత్త వస్తువు చూసినట్టు చెంబులోకి చూశాడు.

మైకులో గెలిచినవాళ్ల పేర్లు పిలుస్తున్నారు. అప్పుడు కుందన వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. ఊపిరి తీసుకుంది.

చెంచురామ్ పెదవులు కదిలాయి. నాకు కనపడింది. జవాబు అప్పటికే అతని నోట్లో ఉంది. అతను దవడ బిగించి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. బాజీ పానా పక్కన పెట్టేశాడు. హైమ చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. మైకు హోరు, చప్పట్లు, టపాకాయలు. కుందన మొదటి అక్షరం దగ్గర నిలబడి ఉంది. దాని మెడ నరాలు బిగిశాయి. చెంచురామ్ మెడ నరాలు కూడా బిగిశాయి. ఆ రేసంతటిలో అతను అంత కష్టపడటం నేను చూడలేదు.

“ఎ... ఎ... ఎందుకు నా... నాన్నా, అంత చె... చెత్తగా తోలావ్?”

చెంచురామ్ కళ్లార్పాడు. “ఏందీ?”

“చె... చెత్తగా.”

“నువ్వు... ‘బాగా తోలావ్ నాన్నా’ అన్నావమ్మా. విన్నా నేను.”

కుందన తల అడ్డంగా ఊపింది. “అ... అన్లా. ఏం బా... బాలా. నా... నాకు సి... సిగ్గేసింది.”

హైమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడవడానికో నవ్వడానికో తెలియలేదు. చెంచురామ్ ఆ చిన్న ముఖం వంక, అందులోంచి తనకు తెలియని మాట ఎలా వచ్చిందా అన్నట్టు, చాలాసేపు చూశాడు. చేతులు తొడల కిందనుంచి ఇంకా తియ్యలేదు.

“మళ్లీ చెప్పమ్మా,” అన్నాడు. “మొదట్నుంచీ. నేను వింటన్నా.”

కుందన ఊపిరి తీసుకుంది. మేమందరం ఆగాం.